గాలిలో గడప

మా కళ్ళజోళ్ళ దుకాణం ఎదుట మళ్ళీ బొమ్మ లేచింది. పాత కాంపౌండు చుట్టూ కొట్టిన నీలం రేకుల మీద, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఆకాశాన్ని తాకే భవనం బొమ్మ. కింద దుకాణాలు, వాటి మీద ఆఫీసులు, ఆ పైన ఇళ్ళు, అన్నిటికన్నా పైన ఈతకొలను, దాని పక్కన కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఒక అమ్మాయి. ఆబిడ్స్‌లో అంత తీరిగ్గా కూర్చున్న మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కింద పెద్ద అక్షరాలతో "త్వరలో" అని రాశారు. వెనకటి బొమ్మ మీద కూడా అదే మాట ఉండేది. బిల్డరు మారాడు, రంగులు మారాయి, ఆ మాట మాత్రం పాతదే.

ఆ రోజు పొద్దున షట్టర్ ఎత్తి అద్దాల అల్మారాలు తుడుచుకోవాల్సినవాణ్ణి, ఫుట్‌పాత్ మీద నిలబడి తల వెనక్కి వాల్చి, బొమ్మను కాదు, బొమ్మ వెనకాల ఉన్న ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నాను. టిఫిన్ డబ్బా తెచ్చిన మా ఆవిడ అది చూసి, డబ్బాను ఠక్కున బల్ల మీద పెట్టింది.

"మళ్ళా షురూ చేసిన్రా? అచ్చం ఆపరేటరమ్మ లెక్కనే నిలబడ్డరు. జర లోపలికి రాన్రి, ఒళ్ళు జలదరిస్తుంది నాకు."

ఆ మాట నిజమే. ఆ నిలబడటం నాది కాదు, ఆమెది. తల ఎంత వాల్చాలో, కుడిచెయ్యి నుదుటికి ఎట్లా అడ్డం పెట్టాలో, ఎడమచేత్తో ఎడమ చెవిని ఎట్లా మూసుకోవాలో నాకు ఆమె దగ్గరే అబ్బింది. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. చెవి మూసుకునే అలవాటు మాత్రం నాకే అంటగట్టి పోయింది.

ఆమెను అందరూ ఆపరేటరమ్మ అనేవారు. ట్రంకాల్స్ చేత్తో కలిపే కాలంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి, చివరికి తోటి ఆపరేటర్ల మీద సూపర్‌వైజరై రిటైరైంది. తల నడుమ హెడ్‌సెట్ పట్టీ నొక్కిన చోట జుట్టు చివరిదాకా కాస్త అణిగే ఉండేది. సన్నటి, తొణకని గొంతు. కూరగాయల బండివాడితో బేరమాడినా ఢిల్లీ లైను కలుపుతున్నట్టే మాట్లాడేది. ఎవరైనా తలుపు కొడితే "ఎవరూ" అనేది కాదు, "చెప్పండి" అనేది. నా దుకాణంలో కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ ఏదో గుర్తొచ్చి, "జర లైన్ల ఉండు తమ్మీ" అని లేచి ఇంటికి వెళ్ళిపోయేది. గంటకో, సాయంత్రానికో తిరిగొచ్చి ఆపిన వాక్యం దగ్గర్నుంచి అందుకునేది. వెళ్ళేటప్పుడు "పోయొస్త" అనదు. "కట్ చేస్తున్న" అంటుంది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాడూ బెల్టులవాడూ జాగా కోసం కొట్లాడుకుంటుంటే వాళ్ళ నడుమకు వెళ్ళి, "ఒక్కరు మాట్లాడున్రి, లైన్లు కలిసి క్రాస్‌టాక్ అయితుంది" అంటే, ఇద్దరూ నవ్వలేక కోప్పడలేక చల్లబడిపోయేవారు.

ఆమె నడక ఇంకా విడ్డూరం. మూడు నాలుగడుగులు గబగబా వేసి ఠక్కున ఆగేది. మళ్ళీ మూడు నాలుగడుగులు. ఎందుకక్కా అట్లా అంటే, "హెడ్‌సెట్ తీగ గంతే పొడుగు ఉండె తమ్మీ. దాటితే చెవి గుంజుతుండె" అనేది. తీగ పోయి ఏళ్ళు గడిచినా కాళ్ళు దాని కొలత మరిచిపోలేదు. పేపర్లో తలదూర్చి కూర్చున్నా, మెట్లెక్కే అడుగుల చప్పుడు విని "మీ ఇంటామె వచ్చింది, నడక చూస్తే కోపంల ఉన్నట్టుంది" అని చెప్పేది. ఎప్పుడూ తప్పలేదు. ముఖ్యంగా కోపం సంగతి.

ఆమె నాకు దగ్గరైంది వాళ్ళాయన పోయినరోజు. అప్పుడు వాళ్ళు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయికి ఉండేవారు. ఆయన కళ్ళజోడు మా దుకాణందే కాబట్టి, దవాఖానలో పోయాడని తెలిసి వెళ్ళాను. ఇంటి గేటుకు తాళం. శవం ఫుట్‌పాత్ మీద, చాయ్ హోటలువాడు ఇచ్చిన బల్ల మీద ఉంది. పైన ప్లాస్టిక్ పట్టా కట్టారు. వాన పడుతోంది. ఇంటి ఓనరు గేటు లోపల నిలబడి చేతులు జోడిస్తున్నాడు.

"ఏమనుకోకున్రి. మనిషి పోయిన నక్షత్రం మంచిది కాదంట. లోపలికి తెస్తే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలె అన్నడు అయ్యగారు. పిల్లలున్నోణ్ణి నేను."

కిరాయి ఇళ్ళలో ఉన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. పాలు పొంగించుకునేటప్పుడు ఓనరమ్మలు దగ్గరుండి పసుపు కుంకుమ పెడతారు, మనిషి పోతే మాత్రం గేటు వేస్తారు. బంధువులు అరిచారు, నేనూ అరిచాను. ఆమె మాత్రం గొడుగు పట్టుకుని ఆయన తల దగ్గర నిలబడింది. రైలు దిగి సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చిన ఒక పెద్దమనిషి, పట్టా కింద ఏముందో చూసుకోకుండా ఆమెనే అడిగాడు, అఫ్జల్‌గంజ్ బస్సు ఎక్కడ ఆగుతుందని. ఆమె ఆ సన్నటి గొంతుతోనే, ఎడమకు తిరిగి రోడ్డు దాటమని ఓపిగ్గా చెప్పింది. ఆ తర్వాత నన్ను చూసి, "ఆయన కళ్ళజోడు తుడువు తమ్మీ, వాన పడ్డది" అంది. తుడిచి ఇచ్చాను. దాన్ని ఆయనకు పెట్టింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత ఆమె ఆ ఇల్లు ఖాళీ చేసి మా దుకాణం ఎదుటి కాంపౌండులోకి వచ్చింది. ముందు వరసలో మూతపడ్డ దుకాణాలు, వెనక ఒంటి అంతస్తు ఇళ్ళు, మందపాటి రాతిగోడలు, పైన బండల కప్పు. కప్పు మీదికి మెట్లు కూడా లేవు, పావురాలకు తప్ప ఎవరికీ పని లేని చోటు. కోటుగుండీ అంత చిన్న వాకిట్లో కూర్చుని ఆమె ఒకరోజు నాతో అంది.

"నాకు ఏం ఆశ లేదు తమ్మీ. బంగారం వద్దు, తీర్థాలొద్దు. నాదంటూ ఒక గడప ఉండాలె. నన్ను గడపల నుంచి బయటికి తీస్కపోవాలె. ఫుట్‌పాత్ మీద కెళ్ళి కాదు."

అంతకుమించి ఆమె ఎప్పుడూ ఏమీ కోరుకోలేదు. నేను చూసినంతలో అదే ఆమె బతుకంతా.

అట్లాంటి మనిషి నెత్తి మీద ఈ భవనం వచ్చి పడింది. కాంపౌండు వారసులంతా కలిసి ఒక బిల్డరుతో మాట్లాడుకున్నారట. షామియానా వేసి, సమోసాలు పెట్టి, పెద్ద టీవీలో బొమ్మలు చూపించారు. నన్ను తమ్ముడని చెప్పి వెంట తీసుకుపోయింది. కింద దుకాణాలు, నడుమ ఆఫీసులు, పైన ఇళ్ళు, ఒక్కసారి లోపలికి వస్తే పుట్టడం తప్ప అన్ని పనులూ అక్కడే అయిపోతాయన్నట్టు చెప్పాడు టై కట్టుకున్న మేనేజరు. పర్మిషన్లు ఇంకా రాలేదు, ఇప్పటికి ఇది ప్రతిపాదనేనని నీళ్ళు నమిలాడు కూడా. పాత కిరాయిదార్లకు పంతొమ్మిదో అంతస్తులో ఒక్కో గది ఇల్లు. సొంతానికి. కాగితాలతో.

ఏమైనా డౌట్లున్నాయా అని అడిగాడు. అందరూ నీళ్ళ గురించీ పార్కింగు గురించీ అడిగారు. ఆమె లేచి నిలబడింది.

"ఆ ఇంటికి గడప ఉంటదా?"

ట్యాబ్ పట్టుకున్న ఆఫీసు పిల్ల నవ్వి, "ఇప్పుడు గడపలు పెట్టరు మేడమ్, ఫ్లోరంతా ఒకే లెవెల్" అంది.

"నాది నేను పెట్టుకుంట. ఇంకొకటి. పోయినోళ్ళను లిఫ్ట్‌ల దించనిస్తరా?"

షామియానా కింద సమోసా నమిలే చప్పుళ్ళు కూడా ఆగిపోయాయి. మేనేజరు టై సవరించుకుని, సామాను దించడానికి వేరే లిఫ్ట్ ఉంటుందమ్మా, పొడుగ్గా ఉంటుంది అన్నాడు. ఆమె తృప్తిగా తల ఊపి కూర్చుంది. ఆ పూట సంతకం పెట్టినవాళ్ళలో అంత ప్రశాంతంగా పెట్టినది ఆమె ఒక్కతే.

పైకి చూడటం ఆ సాయంత్రమే మొదలైంది. రోడ్డు దాటి నా దుకాణం ముందుకు వచ్చి, కాంపౌండు మీది ఆకాశాన్ని చూస్తూ నిలబడేది. కాసేపటికి నన్ను పిలిచేది.

"గా గద్ద తిరుగుతుంది సూడు తమ్మీ. గాడనే నా వంటిల్లు. రోజు గిట్లనే వస్తది, నా పొయ్యి మీద నుంచే పోతది సీదా."

"ఇంకా కట్టలేదు కదక్కా, దానికేం తెలుస్తది?"

"తెల్వదు. కట్టినంక తెలుస్తది" అనేది, గద్ద మీద జాలిపడుతూ.

ఒకరోజు దూరపుచూపు పరీక్ష చెయ్యమంది. బోర్డు మీది అక్షరాలన్నీ, చిట్టచివరి వరసతో సహా, ట్రంకాల్ నంబరు చెప్పినట్టు గడగడా చదివేసింది. నీకు అద్దాలక్కర్లేదక్కా, కళ్ళు బాగున్నాయి అన్నాను. "మంచిగున్నయి గనకనే కనబడుతున్నయి గద" అంది. నాకు ఆ మాట అప్పుడు తమాషాగానే తోచింది. ఇంటికి వెళ్ళాక అన్నం తింటుంటే గుర్తొచ్చి ముద్ద ఆగింది.

కాంపౌండులో ఒక మూల ఖాళీ జాగాలో బిల్డరు నమూనా ఇల్లు కట్టించాడు. పంతొమ్మిదో అంతస్తు ఇల్లు ఎట్లా ఉంటుందో అచ్చం అట్లాగే, కాకపోతే నేల మీద, పైన రేకుల కప్పు. లోపల సోఫా, మంచం, వంటగట్టు, ప్లాస్టిక్ పండ్లు. కిటికీ అద్దం వెనక గోడంత ఫోటో అతికించారు. అందులో అసెంబ్లీ గుమ్మటాలు, నాంపల్లి స్టేషను, దూరంగా హుస్సేన్‌సాగర్ నీళ్ళు.

"గీ ఫోటో ఏడ నిలబడి తీసిన్రు బిడ్డా?" అని అడిగింది ఆమె.

"కరెక్ట్‌గా మీ ఫ్లోర్ హైట్‌లోనే మేడమ్. డ్రోన్ పెట్టి" అంది ఆఫీసు పిల్ల.

"అంటే నా ఇంట్లకు వచ్చి తీసిన్రన్నట్టు."

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు.

మంచిరోజు చూసుకుని ఆమె ఆ నమూనా ఇంట్లో గృహప్రవేశం చేసింది. ఎవరు చెప్పినా వినలేదు. కట్టేదాకా బతికి ఉంటానో లేదో, పాలు పొంగించుకుంటే నాదైపోతుంది అంది. ఆఫీసువాళ్ళకు ఇది బాగానే కలిసొచ్చింది, వీడియో తీసుకుంటామన్నారు. నాంపల్లిలో వడ్రంగితో టేకు గడప చేయించి, పసుపు రాసి బొట్లు పెట్టి, నా చేత మోయించుకొచ్చింది. దాన్ని వాకిట్లో అమర్చి, కుడికాలు పెట్టి లోపలికి నడిచింది. మూడు నాలుగడుగులు, ఆగింది. మళ్ళీ మూడు నాలుగడుగులు. అక్కడి పొయ్యి ఉత్తుత్తిది కాబట్టి ఇంటి నుంచి చిన్న గ్యాసు స్టవ్ తెచ్చుకుంది. మా ఆవిడ కొత్త గిన్నెలో పాలు పోసింది. పాలు తూర్పువైపే పొంగాయి. అదే సమయానికి ఫోటో కిటికీకి వేసిన కర్టెన్ మెల్లగా లోపలికి ఉబ్బింది, తెరిచిన కిటికీ లోంచి గాలి కొట్టినట్టు. ఏసీ గాలి అనుకున్నాను. మా ఆవిడ మాత్రం నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏసీకి ఇంకా కనెక్షనే ఇవ్వలేదని తర్వాత చెప్పింది.

తప్పు అక్కడే జరిగింది. పాలు పొంగించాక ఆ రాత్రికి ఇంటివాళ్ళు ఆ ఇంట్లోనే పడుకోవాలి. దీపం ఉండాలి, ఇల్లు ఖాళీగా వదలకూడదు. చాప, దుప్పటి తెచ్చుకుంది పాపం. సాయంత్రం ఆరు కాగానే ఆఫీసువాళ్ళు దీపం ఆర్పి, అందరినీ బయటికి పంపి తాళం వేశారు. షోరూములో పడుకోనిస్తే ఉద్యోగాలు పోతాయన్నారు. ఆమె బతిమాలింది. నేను ఆమె గొంతు వణకడం విన్నది ఆ ఒక్కసారే.

"పాలు పొంగినంక ఇల్లు ఖాళీగ ఉండది తమ్మీ. మనం పండుకోకపోతే ఎవరో ఒకరొచ్చి పండుకుంటరు."

మరుసటి వారం నుంచి చప్పుళ్ళు మొదలయ్యాయని చెప్పింది. ఆమె గది పైన. పట్టపగలు, మధ్యాహ్నం భోజనాల వేళ. ఎవరో కుర్చీ ఈడుస్తున్నారట, గిన్నె దించుతున్నారట. పావురాలేమో అన్నాను. "పావురం కుర్చీ జరుపుతదా?" అంది. సరే విందామని ఒక మధ్యాహ్నం దుకాణం మా ఆవిడకు అప్పగించి వెళ్ళాను. ఆమె చెవి మీద చెయ్యి వేసుకుని నా ఎదుట కూర్చుంది. రోడ్డు మీద హారన్లు, మెట్రో రొద, అన్నీ ఎక్కడో దూరంగా ఉన్నాయి. రాతిగోడల నడుమ చల్లగా ఉంది.

అప్పుడు వినబడింది. పైన ఎవరో నడిచారు. మూడు నాలుగడుగులు, ఆగారు. మళ్ళీ మూడు నాలుగడుగులు.

"ఎవరి నడక తమ్మీ?" అని అడిగింది నా మొహం చూస్తూ.

"పావురాలేనక్కా" అని చెప్పి లేచి వచ్చేశాను. బయటికొచ్చి కప్పు మీదికి చూస్తే, ఎండ తప్ప ఏమీ లేదు.

ఆ చలికాలం నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కుతానంది. నా ఇల్లు ఎంత ఎత్తుల ఉంటదో చూడాలె అంది. మా ఆవిడ నెత్తి కొట్టుకుని మిర్చి బజ్జీల దగ్గరే ఆగిపోయింది. ఎత్తంటే నాకు చచ్చేంత భయం. అయినా డెబ్బై ఏళ్ళ మనిషిని ఒంటరిగా ఎట్లా పంపుతాం? ఎక్కాను. పొద్దుగూకుతోంది. తొట్టి పైకి పోతుంటే నేను కళ్ళు మూసుకుని రాడ్డు పట్టుకున్నాను. చిట్టచివరికి చేరాక చక్రం ఆగింది, కింద మనుషుల్ని ఎక్కించుకుంటున్నట్టున్నారు. కింది పాటలన్నీ కలిసి గాలిలో గుయ్యిమంటున్నాయి. ఆమె ఆబిడ్స్ వైపు తిరిగి చెవి మీద చెయ్యి వేసుకుంది.

"ఇంకా పైన ఉన్నది" అంది. నా వైపు వంగి, "తలుపు తెరిచే ఉంది తమ్మీ. సూడు" అంది.

నేను చూడలేదు. చూడలేనని చెప్పాను.

"నువ్వు ఆ రోజు అబద్ధం చెప్పినవు. పావురాలు కాదు. మొదలు మా ఆయననేమో అనుకున్న. ఆయన కాలు ఈడుస్తడు. గట్ల లేదు. నా ఉద్యోగమంత వినుడే గద, నాకు తెల్వదా? అది నా నడకనే. నేను పైన ఉన్న తమ్మీ, నా ఇంట్ల. అన్నం వండుకుంటున్న, కుర్చీ జరుపుకుంటున్న." నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి మంచులా ఉంది. "మరి గీడ నీ పక్కన కూసున్నది ఎవరు?"

చక్రం కదిలింది. దిగాక ఆమె మామూలుగానే మా ఆవిడ దగ్గర మిర్చి బజ్జీ తీసుకుని తింది. ఉప్పు ఎక్కువైందని కూడా అంది.

తర్వాత భవనం ఆగిపోయింది. పర్మిషన్లు రాలేదని కొందరు, వారసులకు చెడిందని కొందరు అన్నారు. ఏదైతేనేం, నాంపల్లి కోర్టులో కేసు పడింది. ఈలోపే కాంపౌండు ఖాళీ చేయించి ఇళ్ళు పడగొట్టేశారు. నమూనా ఇల్లొకటి రేకుల మధ్య మిగిలింది, తుప్పు పట్టిన కప్పుతో, తాళంతో. దానికి కాపలాగా పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక వాచ్‌మన్. ఆమె మళ్ళీ నాంపల్లి గల్లీలో కిరాయి గదికే చేరింది. గది చూపించేటప్పుడే కొత్త ఓనరు వయసు అడిగి, ఏమన్న అయితే దవాఖాన నుంచి సీదా తీస్కపోవాలె, గీడికి తేవద్దని చెప్పాడట. సరేనందట.

ఆమెకు ఆయాసం మొదలైంది. దవాఖానలో చేర్చిన రోజు మా ఆవిణ్ణి బయటికి పంపి నాతో అంది.

"నేనిప్పుడు సగమే ఉన్న. ఆ సగం పైన తిరుగుతుంది. రెండు కలవాలె అంటే గడప దాటాలె. నువ్వొక్కడివే నాకు దిక్కు. నన్ను నా గడపల నుంచి తీస్కపో తమ్మీ. ఇంకేం చెయ్యకున్నా పర్వాలేదు."

"తీస్కపోతనక్కా" అన్నాను. ఆ ఇల్లు నాది కాదు, తాళం నా దగ్గర లేదు, మాట మాత్రం ఇచ్చేశాను.

"కట్ చేస్తున్న" అంది.

మర్నాడు పొద్దున పోయింది. ఊరి నుంచి వాళ్ళ అన్న కొడుకు ఒక్కడు వచ్చాడు. నాంపల్లి గది ముందు వ్యాను ఆగకముందే గేటు పడింది. అడగనైనా అడగలేదు నేను. వ్యానును ఆబిడ్స్‌కు తిప్పించాను. దారంతా భయమే. వాచ్‌మన్ కాదంటే ఏం చెయ్యాలి? మళ్ళీ ఫుట్‌పాతేనా? నీలం రేకుల తలుపు దగ్గర దిగి, అతనికి విషయం చెప్పి చేతులు పట్టుకున్నాను. అతను వ్యానులోకి ఒకసారి చూశాడు.

"మా ఊర్ల పీనుగకు తలుపు మూసినోణ్ణి నేను చూడలె సార్. ఎవరన్న అడిగితే నేను చెప్పుకుంట. లోపలికి తీస్కరాన్రి" అని తాళం తీశాడు.

లోపల దుమ్ము, ముక్కిపోయిన వాసన. సోఫా చినిగిపోయింది. ప్లాస్టిక్ పండ్లు అట్లాగే ఉన్నాయి. వాకిట్లో గడప ఉంది, పసుపు వెలిసిపోయి. ఫోటో కిటికీ ముందు ఆమెను పడుకోబెట్టాం. మా ఆవిడ తల దగ్గర దీపం పెట్టింది. మేం నలుగురం, బయట ఆబిడ్స్ ట్రాఫిక్, మిట్టమధ్యాహ్నం.

పైన కుర్చీ జరిగింది.

రేకుల మీద కాదు. రేకుల మీద జరిగితే ఇల్లంతా మోగాలి. ఇంకా పైనుంచి, చాలా పైనుంచి, అయినా స్పష్టంగా. అన్న కొడుకు నన్ను చూశాడు. వాచ్‌మన్ కప్పు వంక చూసి, "కోతులు" అన్నాడు, అతనికే నమ్మకం లేని గొంతుతో. ఎవ్వరం బయటికి వెళ్ళి చూడలేదు. అడుగులు మొదలయ్యాయి. మూడు నాలుగడుగులు, ఆగటం.

మేం ఆమెను ఎత్తుకున్నాం. మేం కదిలితే పైన అడుగులు కదిలాయి. మేం ఆగితే ఆగాయి. సోఫా దాటాం, వంటగట్టు దాటాం, పైన ఎవరో మాతోపాటే నడుస్తున్నారు, తోడు వస్తున్నట్టు. వాకిలి దగ్గర నేను, "గడప వచ్చిందక్కా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. ఆమె పాదాలు గడప దాటాయి, నడుము దాటింది, తల దాటింది. పైన అడుగులు ఆగిపోయాయి. మళ్ళీ వినబడలేదు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నాకు మాత్రం ఏళ్ళ తరబడి మోసిన బరువేదో దించినట్టు అయింది.

మనిషి పోయాక దీపం ఆరకూడదని, లోపల పెట్టిన దీపం అట్లాగే వదిలి వచ్చాం. దినాలు అయ్యాక వాచ్‌మన్‌కు దండం పెట్టుకుందామని వెళ్తే దీపం వెలుగుతూనే ఉంది. రోజూ నూనె పోసినందుకు రుణపడి ఉన్నానన్నాను. అతను తెల్లమొహం వేశాడు. "నేనేడ పోసిన సార్? మీ ఇంటామె వచ్చి పోస్తున్నదనుకున్న" అన్నాడు. మా ఆవిణ్ణి అడగలేదు నేను. అడిగితే ఇంక దుకాణానికి రాదు.

ఈమధ్యే కేసు తెమిలింది. కొత్త బిల్డరు వచ్చాడు. ఒకరోజు నేను దుకాణం తెరిచేసరికే నమూనా ఇంటిని పగలగొట్టి లారీలో ఎత్తేశారు. పరుగెత్తుకుంటూ వెళ్ళాను, గడప అయినా తెచ్చుకుందామని. అప్పటికే లారీ బషీర్‌బాగ్ దాటింది. వాచ్‌మన్ కూడా లేడు, ఊరికి పోయాడట. ఆ పూట చాలా బాధపడ్డాను. ఆమెకు భూమ్మీద ఉన్నది అదొక్కటే, అది కూడా పోయింది అనుకున్నాను.

ఆ తర్వాతే ఈ బొమ్మ పెట్టారు. ఆ పొద్దున ఫుట్‌పాత్ మీద నేను ఊరికే నిలబడలేదు. మా ఆవిడకు చెప్పలేదు గాని, గద్దను చూస్తున్నాను. కాంపౌండు ఇప్పుడు ఒట్టి గుంత. దాని మీద ఖాళీ ఆకాశం. గద్ద స్టేషన్ వైపు నుంచి రెక్కలు ఆడించకుండా తేలుతూ వచ్చింది, ఎప్పటిలాగే, ఎప్పటి దారినే. ఆమె వంటిల్లని చూపించిన చోటు దాకా సీదాగా వచ్చింది. అక్కడ గోడ అడ్డమొచ్చినట్టు రెక్క వాల్చి పక్కకు తిరిగింది. కాస్త దూరం పోయి మళ్ళీ తిరిగింది. మళ్ళీ ఇంకోసారి. నాలుగు మూలలూ ఒరుసుకుంటూ చుట్టి, ఆ చోటు దాటాక, తన పాత దారిలో కలిసి గన్‌ఫౌండ్రీ వైపు వెళ్ళిపోయింది.

రోజూ చూస్తున్నాను. రోజూ అట్లాగే చుట్టి పోతోంది.